వదలని బ్రేకు

కారు కొన్నవారు ఇంజను చప్పుడులో ఏ కొంచెం తేడా వచ్చినా వెంటనే గుర్తుపడతారు. తలుపు మీద చిన్న గీత పడితే నొచ్చుకుంటారు. బ్రేకుల విషయంలో మాత్రం అంత పట్టింపు కనబడదు. కాలు పెట్టగానే బండి ఆగుతున్నంతకాలం వాటిని గురించి ఆలోచించవలసిన అవసరం ఎవరికీ తోచదు. అయితే బ్రేకుకు రెండు ధర్మాలున్నవి. తొక్కినప్పుడు పట్టుకోవడం మొదటిది. కాలు తీసినప్పుడు విడిచిపెట్టడం రెండవది. మొదటిది తప్పితే ఆ క్షణంలోనే తెలిసిపోతుంది. రెండవది తప్పితే వారాలు, నెలలు గడిచినా తెలియకపోవచ్చు. ఆ తెలియని కాలంలో జరిగే నష్టాన్ని గురించి, దానిని కనిపెట్టే ఉపాయాలను గురించి ఈ పూట కొంత మనవి చేయదలచాను.

“ప్యాడ్లు వేయించి ఏడాది కాలేదు, అప్పుడే అయిపోయినవంటున్నారు, ఏమిటీ అన్యాయం?” అని అడిగేవారు మనలో చాలామంది ఉన్నారు. వారి అనుమానమంతా సరుకు మీద. నకిలీ సరుకు బజారులో లేకపోలేదు. కాని వారిని ఎదురు ప్రశ్న ఒకటి అడగవలసి ఉన్నది: తీసివేసిన పాత ప్యాడ్లను మీరు చూశారా? చాలామంది చూడరు. అవి షెడ్డు మూలనున్న పాత సామాను డబ్బాలో పడిపోతవి. చూసిన పక్షంలో ఒక వింత కనబడి ఉండేది. ఒకే చక్రం నుంచి తీసిన రెండు ప్యాడ్లలో ఒకటి వెనుక రేకు బయటపడేదాకా అరిగి, రెండవది సగానికి పైగా మిగిలి ఉండవచ్చు. ఇట్లా అరిగిన జత తమను పట్టుకొని ఉండే క్యాలిపర్ సరిగా కదలడం లేదని చెబుతున్నది. ఆ సంగతి విచారించకుండా కొత్త జత బిగించి పంపితే, కొత్త జతకూ అదే గతి. డబ్బు రెండుసార్లు పోవడం అట్లా ఉంచండి. ఇందులో ప్రాణాపాయం కూడా ఉన్నది. ఆ మాట కొంచెం ఆగి చెబుతాను.

ముందు ఈ క్యాలిపర్ అంటే ఏమిటో చూద్దాము. పూర్వపు కార్లలో, మన రోడ్ల మీద దీర్ఘకాలం తిరిగిన అంబాసిడర్ వంటి వాటిలో, చక్రం లోపల గిన్నె వంటి డ్రమ్ము ఉండేది. దాని లోపలి గోడకు రెండు బ్రేకు షూలు ఒత్తుకొని బండిని ఆపేవి. నేటికీ చిన్న కార్లలో వెనుక చక్రాలకు డ్రమ్ములే ఎక్కువ. ముందు చక్రాలకు మాత్రం డిస్కులు వచ్చినవి. ఇది నిన్నమొన్నటి ఊహ కాదు. ఫ్రెడరిక్ లాంచెస్టర్ అనే ఇంగ్లీషు ఇంజనీరు 1902లోనే డిస్కు బ్రేకుకు పేటెంటు పొందినాడు. 1953లో ఫ్రాన్సులోని లమాన్ వద్ద జరిగే 24 గంటల పందెంలో డిస్కు బ్రేకులు అమర్చిన జాగ్వార్ కారు గెలిచిన తరువాత ప్రపంచం దృష్టి వాటిమీద పడింది. 1955లో సిట్రోయెన్ కంపెనీ తన డి.ఎస్. కారుకు ముందు డిస్కులు పెట్టి పెద్ద ఎత్తున అమ్మింది. వేడిని బయటి గాలికి త్వరగా వదిలిపెట్టడం డిస్కుకున్న గొప్ప గుణం. అయితే డ్రమ్ములోని సామగ్రి మూత లోపల దాగి ఉంటుంది. డిస్కు, దాని క్యాలిపర్ మాత్రం వానకూ బురదకూ ఉప్పుగాలికీ ఎదురుగా నిలబడి పనిచేయవలసి వచ్చింది.

డిస్కు అనేది చక్రంతోపాటు తిరిగే ఇనుప పళ్ళెం. దానికి లోపలి వైపున ఒక ప్యాడు, బయటి వైపున ఒక ప్యాడు. ఈ రెంటినీ పట్టకారు వలె పట్టుకొని ఉండేది క్యాలిపర్. ఖరీదైన కొన్ని కార్లలో రెండు వైపులా పిస్టన్లుండి, క్యాలిపర్ కదలకుండా నిలిచి ఉంటుంది. మన వీధుల్లో తిరిగే కార్లలో ఎక్కువ భాగానికి పిస్టన్ లోపలి వైపుననే ఉంటుంది. తొక్కినప్పుడు బ్రేకు ఆయిల్ ఒత్తిడికి పిస్టన్ ముందుకు వచ్చి లోపలి ప్యాడును డిస్కుకు ఒత్తుతుంది. మరి బయటి ప్యాడును ఒత్తేదెవరు? లోపలి ప్యాడు డిస్కుకు ఆనిన తరువాత పిస్టన్ ఇంక ముందుకు పోలేదు. అప్పుడు అదే ఒత్తిడి క్యాలిపర్ ఒళ్ళంతటినీ బండి లోపలి వైపుకు జరుపుతుంది. ఆ జరుగుడుతో బయటి ప్యాడు కూడా దగ్గరకు వచ్చి డిస్కును పట్టుకుంటుంది. ఇదంతా రెండు గైడ్ పిన్నుల మీద నడుస్తుంది. ఇంచుమించు చిటికెనవేలంత లావున నున్నగా ఉండే ఉక్కు పిన్నులవి. వాటికి రబ్బరు బూట్లు తొడిగి, లోపల గ్రీజు పెట్టి ఉంచుతారు.

వానాకాలంలో చెమ్మకు ఉబ్బిన కొయ్య సొరుగును లాగిన అనుభవం మనలో చాలామందికి ఉన్నది. ఒక ప్రక్క జారుతుంది, ఒక ప్రక్క పట్టుకుంటుంది. సొరుగు వంకరగా వచ్చి మధ్యలో నిలిచిపోతుంది. ముందుకూ రాదు, వెనక్కూ పోదు. రెండు పిన్నులలో ఒకటి బిగిసిన క్యాలిపర్ స్థితి సరిగా ఇదే. సొరుగయితే విసుక్కొని వదిలివేస్తాము. క్యాలిపర్ ఆ వంకరతోనే ప్రతిసారీ డిస్కును పట్టుకుంటూ ఉంటుంది.

ఇక విడిచిపెట్టడం సంగతి. కాలు తీసిన తరువాత పిస్టన్‌ను వెనక్కు లాగేదేది? లోపల బలమైన స్ప్రింగు ఏదో ఉంటుందని అనుకుంటాము. సాధారణపు క్యాలిపర్‌లో అట్టిదేమీ లేదు. పిస్టన్ చుట్టూ నలుచదరపు అంచుగల రబ్బరు రింగు ఒకటి ఉంటుంది. ఆయిల్ బయటికి కారకుండా చూడడం దాని మొదటి పని. పిస్టన్ ముందుకు పోయినప్పుడు ఆ రింగు దానిని అంటిపెట్టుకొని కొద్దిగా మెలిపడుతుంది. ఒత్తిడి తీసివేయగానే తన పూర్వరూపానికి వస్తూ పిస్టన్‌ను కూడా వెంట తీసుకొని వస్తుంది. ఆ వచ్చే దూరం ఒక మిల్లీమీటరులో కొద్ది భాగం మాత్రమే. అయినా అంత చాలు, డిస్కు మీద ఒత్తిడి పోతుంది. ఇంత బరువైన బండి బ్రేకు వదలడమన్నది ఒక రబ్బరు రింగు సాగుడు మీద ఆధారపడి ఉన్నదన్నమాట. ఆ రింగు గట్టిపడినా, పిస్టన్ మీద తుప్పు గరుకుతేలినా, ఆ కొద్దిపాటి వెనుకడుగు నిలిచిపోతుంది. ప్యాడు డిస్కును రాసుకుంటూనే ఉంటుంది.

తుప్పు ఎట్లా వస్తుందో వేరుగా చెప్పనక్కరలేదు. విశాఖపట్నం, కాకినాడ వంటి తీరపు ఊళ్ళలో ఇంటి కిటికీ ఊచలే ఉప్పుగాలికి నిలవవు. రబ్బరు బూటు ఎక్కడైనా చిరిగిందంటే నీరు, ఇసుక, బురద పిన్ను దాకా చేరుతవి. ఇంకొక కారణం చాలామంది ఊహించనిది: బండిని వాడకపోవడం. రోజూ తిరిగే బండి పిన్నులు రోజూ కదులుతుంటవి. నెలల తరబడి కదలని బండికి అవి ఉన్నచోటనే అతుక్కొని పోతవి. 2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ ఆరంభమైన తరువాత వారాలకొద్దీ ఇంటిముందు నిలిచిన కార్లను తిరిగి బయటికి తీసినప్పుడు, బ్యాటరీ చచ్చిపోయిన సంగతి యజమానులకు వెంటనే తెలిసింది. బిగిసిన క్యాలిపర్ ఉన్నవారికి ఆ సంగతి అంత త్వరగా తెలియలేదు. పిల్లలు విదేశాలలో ఉండి, పెద్దవారు ఎప్పుడో ఒకనాడు ఆసుపత్రికో పెళ్ళికో తీసే కారు మన పట్టణాలలో ప్రతి వీధికీ ఒకటి ఉన్నది. కిలోమీటర్లు తిరగలేదు గనుక బ్రేకులు కొత్తవే అని వారు నిశ్చింతగా ఉంటారు. నిజానికి చూపించవలసిన బండ్లలో అవి మొదటివి.

రాత్రి వానకు తడిసిన డిస్కు మీద తెల్లవారేసరికి పలుచగా ఎర్రని తుప్పు కనబడుతుంది. అది చూసి కంగారుపడనక్కరలేదు. రెండు మూడుసార్లు బ్రేకు వేయగానే తుడిచిపెట్టుకొని పోతుంది.

ఇప్పుడు పాత ప్యాడ్లను చేతిలోకి తీసుకొందాము. లోపలి ప్యాడు బయటిదానికంటె కొంచెం ఎక్కువ అరగడం సహజమే. దానికి దోషం కట్టరాదు. బయటిది ఇంచుమించు కొత్తదివలె ఉండి లోపలిది అట్టడుగుకు వచ్చిందంటే మాత్రం రెండు అనుమానాలు. పిన్నులు బిగిసి క్యాలిపర్ జరగకపోవడం వల్ల బయటి ప్యాడుకు పనే లేకపోయి ఉండవచ్చు. లేదా పిస్టన్ వెనక్కు రాక లోపలి ప్యాడును రాస్తూ ఉండవచ్చు. బయటి ప్యాడే ఎక్కువ అరిగితే అనుమానం సూటిగా పిన్నుల మీదికి పోతుంది: క్యాలిపర్ లోపలికి జరిగి, తిరిగి తన చోటికి రాలేకపోయిందన్నమాట. ఒకే ప్యాడు ఒక కొస మందంగా, ఒక కొస పలుచగా వాలుగా అరిగితే, ఇందాకటి సొరుగును జ్ఞాపకం చేసుకోండి. ఒక పిన్ను కదులుతున్నది, రెండవది కదలడం లేదు. ప్యాడు చెవులు కూర్చునే గాడిలో తుప్పు పేరుకొని ప్యాడు ఇరుక్కున్నా ఇట్లాగే అరుగుతుంది. ఒక చక్రంలోని రెండు ప్యాడ్లూ సమానంగా అరిగిపోయి, ఎదుటి చక్రంలోనివి రెండూ మందంగా ఉంటే అది వేరు కథ. అక్కడ ఆయిల్ ఒత్తిడి ఒకవైపు విడుదల కావడం లేదు, లేకుంటే రెండవవైపు అసలు పని జరగడం లేదు.

ఇక్కడ ఇంకొక విషయం గట్టిగా చెప్పవలసి ఉన్నది. చక్రం సందులలోంచి వంగి చూస్తే మనకు కనబడేది బయటి ప్యాడు. “ఇంకా చాలా ఉన్నదండీ” అని సంతోషిస్తాము. ముందుగా ప్రమాదంలో పడేది తరచు లోపలి ప్యాడు. అది చక్రం విప్పితే గాని సరిగా కనబడదు. కనుక సందులోంచి చూసి చెప్పిన మాటను పరీక్షగా లెక్కపెట్టరాదు. కొత్త ప్యాడుకు పైనున్న మసాలా సుమారు 10 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. అది 3 మిల్లీమీటర్లకు వచ్చేసరికి మార్చడం సాధారణంగా పాటించే నియమం. డిస్కు కూడా అరుగుతుంది. ఎంతవరకు అరగవచ్చునో ఆ కనీస మందాన్ని చాలా డిస్కుల అంచున పోతపోసి గాని గుద్ది గాని ఉంచుతారు.

విప్పి చూడకముందే బండి కొన్ని సూచనలు చేస్తుంది. మా వీధిలో ఒక హైస్కూలు మాస్టారు ఆదివారం ఆదివారం తమ కారును స్వయంగా కడుగుతారు. ముందు ఎడమ చక్రానికి నల్లని పొడి ఎక్కువగా పట్టుకొంటున్నదని, ఊళ్ళో రోడ్లు అట్లా ఉన్నవని పురపాలక సంఘాన్ని నిందిస్తూ వచ్చారు. ఒకనాడు షెడ్డులో ఈ మాటే అంటే అక్కడి మేస్త్రి, “దుమ్ము రోడ్డుదయితే నాలుగు చక్రాలకూ పడాలి గదా మాస్టారూ?” అన్నాడట. ఆ పొడి ప్యాడుది. విప్పి చూస్తే క్రింది పిన్ను తుప్పుపట్టి కదలకుండా ఉన్నది. ఒక చక్రానికే పొడి పట్టడం, కొంతదూరం పోయి ఆగినప్పుడు ఒక చక్రం నుంచే వేడి కొట్టడం, కాలిన వాసన రావడం, చదును నేల మీద గేరు తీసిన బండి ఇదివరకటంత దూరం దొర్లకపోవడం, పెట్రోలు ఎక్కువ తాగడం, ఇవన్నీ వదలని బ్రేకు చిహ్నాలే. వేడి చూడడానికి చక్రాన్ని ముట్టుకోరాదు. చెయ్యి దగ్గరగా పెడితే తెలుస్తుంది. డిస్కును అసలే తాకరాదు, చర్మం ఊడివస్తుంది.

బండి ఒక ప్రక్కకు లాగడం ఇంకొక చిహ్నం. బ్రేకు తొక్కకుండానే ఎడమకు లాగుతున్నదంటే ఎడమ బ్రేకు రాస్తున్నదేమో చూడాలి. తొక్కినప్పుడు మాత్రమే ఎడమకు లాగితే లోపం కుడివైపున ఉండవచ్చు. ఎడమది తన పని చేస్తున్నది, కుడిది చేయడం లేదు. నేటి కార్ల ముందుభాగపు అమరికలో ఈ లాగుడును అణిచే ఏర్పాట్లున్నవి. అందువల్ల లాగుడు లేదన్నంత మాత్రాన బ్రేకులు సరిగా ఉన్నవని అనుకోవడానికి వీలులేదు.

ప్రాణాపాయమన్నాను గదా, అది ఇట్లా వస్తుంది. రాసుకొంటున్న ప్యాడు ఎడతెగకుండా వేడి పుట్టిస్తుంది. ఆ వేడి పిస్టన్ గుండా దాని వెనుకనున్న ఆయిల్‌కు చేరుతుంది. మనం ఆయిల్ అంటున్నాము గాని సాధారణంగా వాడే బ్రేకు ద్రవం నూనె జాతిది కాదు. గ్లైకాల్ అనే రసాయనంతో చేసినది. గాలిలోని చెమ్మను క్రమంగా పీల్చుకోవడం దాని స్వభావం. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెంటిగ్రేడు దాకా మరగరాదని ప్రమాణం. నూటికి 4 పాళ్ళ లోపు నీరు చేరేసరికే ఆ ప్రమాణం 155కు దిగుతుంది. డాట్ 3 రకానికి ఈ అంకెలు 205, 140. నిడివైన ఘాటు దిగుతున్నప్పుడు డిస్కు వేడి కొన్ని వందల డిగ్రీలకు పోతుంది. ద్రవం మరిగిందంటే లోపల ఆవిరి బుడగలు పుడతవి. ద్రవాన్ని నొక్కితే ఒత్తిడి అవతలికి పోతుంది. ఆవిరిని నొక్కితే అది నలుగుతుంది, అంతే. పెడలు మెత్తగా నేలను తాకుతుంది, బండి ఆగదు.

తిరుమల కొండ దిగేటప్పుడు, అరకు నుంచి అనంతగిరి మీదుగా వచ్చేటప్పుడు, మారేడుమిల్లి అడవిదారిలో, ఇంటిల్లిపాదీ బండిలో ఉండగా ఈ అవస్థ ఎట్టిదో ఊహించుకోవచ్చు. బ్రేకులన్నీ సవ్యంగా ఉన్న బండినే చిన్న గేరులో, ఇంజను పట్టుతో దించాలి. ఒక చక్రం కొండ పైనుండగానే వేడెక్కి ఉన్న బండికి ఇంక మిగిలే అవకాశం తక్కువ. అందుచేత ఘాటు ప్రయాణానికి ముందు ప్యాడ్లతోపాటు బ్రేకు ద్రవం వయస్సు కూడా చూసుకోవాలి. రెండేళ్ళకొకసారి మార్చవలెనని చాలా కంపెనీలు చెబుతున్నవి. మన తీరప్రాంతపు చెమ్మలో ఆ గడువును దాటించకపోవడమే మేలని నా అభిప్రాయం.

ఇక షెడ్డులో జరగవలసిన పని. బండిని చదును నేల మీద నిలిపి, మిగిలిన చక్రాలకు అడ్డుపెట్టి, జాకీతో లేపి, దాని క్రింద తప్పనిసరిగా స్టాండు పెట్టాలి. ఒట్టి జాకీ మీద నిలిచిన బండి క్రిందికి చెయ్యి పోనివ్వరాదు. ముందుగా చక్రాన్ని చేత్తో తిప్పి చూడాలి. బ్రేకు తొక్కి వదిలిన తరువాత చక్రం బిగుతుగా ఉంటే, క్యాలిపర్ మీద గాలి తీసే చిన్న నట్టును కొంచెం వదులు చేయాలి. ద్రవం చిమ్మి చక్రం వెంటనే తేలికపడితే లోపం క్యాలిపర్‌లో లేదు. ఒత్తిడి లోపల చిక్కుకొని ఉన్నది. రబ్బరు గొట్టం పాతబడి లోపలి పొర ఉబ్బితే ఇట్లా జరుగుతుంది. మన కాలి బలానికి ద్రవం లోపలికి పోతుంది గాని తిరిగి రాదు. పైకి గొట్టం చక్కగానే కనబడుతుంది. నాలుగు చక్రాలూ ఇట్లా బిగిస్తుంటే మాస్టర్ సిలిండరును, పెడలు వద్ద ఉండవలసిన సందును చూడాలి. నట్టు వదులు చేసినా చక్రం వదలకపోతే అప్పుడు క్యాలిపర్‌ను విప్పాలి. ఈ చిన్న పరీక్షకు ఐదు నిమిషాలు పట్టదు. ఇది చేయకుండా క్యాలిపర్లు మార్చి, ఆ తరువాత కూడా చక్రం వేడెక్కుతున్నదని వాపోయేవారున్నారు.

క్యాలిపర్ విప్పినప్పుడు దానిని గొట్టానికి వేలాడదీయరాదు. తీగతో పైకి కట్టాలి. పిన్నులు ఒక్కొక్కటి చేత్తో లాగి చూడాలి. మంచి పిన్ను వేళ్ళతో జారుతుంది. తుప్పు పైపైన ఉంటే తుడిచి, రంధ్రం శుభ్రం చేసి వాడవచ్చు. గుంటలు పడిన పిన్నును మార్చడమే న్యాయం. క్యాలిపర్ ధరతో పోల్చితే పిన్నులు, బూట్లు స్వల్పమైన ఖర్చు. కొన్ని బండ్లకు రెండు పిన్నులూ ఒకే రకం కావు, ఒకదాని కొసకు రబ్బరు బుష్ ఉంటుంది. తీసినది తీసినచోటనే పెట్టాలి.

గ్రీజు విషయంలో మన షెడ్లలో ఒక చెడ్డ అలవాటు ఉన్నది. చక్రాల బేరింగులకు వాడే గ్రీజు డబ్బా ఎదుట ఉంటుంది, వేలితో తీసి పిన్నుకు పూస్తారు. ఆ పూట పిన్ను హాయిగా జారుతుంది. కాని పెట్రోలియం నుంచి తీసిన గ్రీజు బ్రేకు రబ్బరుకు పడదు. కొంతకాలానికి బూటు, బుష్ ఉబ్బి పిన్నును గట్టిగా పట్టుకుంటవి. నయం చేయడానికి పూసినదే మళ్ళీ జబ్బును తెస్తుంది, అప్పటికి ఎవరికీ గ్రీజు సంగతి జ్ఞాపకం ఉండదు. దీనికి సిలికాను గ్రీజు గాని, బండి కంపెనీ చెప్పిన రకం గాని వాడాలి. ఇదే కారణంచేత బ్రేకు డబ్బాలో ఇంజను ఆయిల్ గాని మరే నూనె గాని ఒక్క చుక్క కూడా పోయరాదు. “బ్రేకు ఆయిల్” అన్న వాడుకమాట వల్ల ఈ పొరపాటుకు సందు దొరుకుతున్నది.

పిస్టన్ బిగిసినప్పుడు ఏమి చేయాలన్నది కొంత వివాదం మీద ఉన్న ప్రశ్న. సీలు, బూటు మార్చి తిరిగి బిగించవచ్చునని కొందరు మేస్త్రులు అంటారు. పిస్టన్ నున్నగా, సిలిండరు గోడలో గుంటలు లేకుండా ఉంటే అది సరైన మాటే. పిస్టన్ మీద పూత లేచి గుంటలు పడినప్పుడు ఉప్పు కాగితంతో రుద్ది కొత్త సీలు తొడగడం నేను ఒప్పుకోలేను. ఆ గరుకు కొత్త సీలును కూడా త్వరలోనే తినివేస్తుంది. అటువంటప్పుడు పిస్టన్ గాని, క్యాలిపరే గాని మార్చాలి. పిస్టన్‌ను బయటికి తీయడానికి గాలి పంపు పెట్టేవారు దాని ఎదుట వేళ్ళు ఉంచరాదు. అది తూటావలె వస్తుంది. బాగున్న పిస్టన్‌ను లోపలికి నొక్కేటప్పుడు నెమ్మదిగా నొక్కాలి. గాలి తీసే నట్టును ఆ సమయంలో వదులుగా ఉంచి పాత ద్రవాన్ని సీసాలోకి పోనిస్తే ఇంకా మంచిది. ఆ ద్రవం బండి రంగు మీద పడితే రంగు లేచిపోతుంది. వెంటనే నీళ్ళతో కడగాలి. వెనుక చక్రాలకు డిస్కులు, వాటిలోనే చేతిబ్రేకు ఉన్న బండ్లలో కొన్నింటి పిస్టన్‌ను తిప్పుతూ లోపలికి పంపాలి, బలవంతంగా నొక్కితే లోపలి మర చెడుతుంది. మీట బదులు బొత్తాముతో పనిచేసే చేతిబ్రేకు అయితే కంపెనీ చెప్పిన విధాన దానిని ముందు విడుదల చేయవలసి ఉంటుంది.

ప్యాడ్ల చెవులు కూర్చునే గాడిని తీగ బ్రష్‌తో శుభ్రం చేయడం చిన్న పనిగా కనిపించి తరచు వదిలివేయబడుతున్నది. అక్కడి తుప్పు తీయకుండా కొత్త ప్యాడును సుత్తితో తట్టి కూర్చోబెడితే, అది కూర్చున్నచోటనే ఉండిపోతుంది. బ్రేకు పొడిని నోటితో ఊదడం, గాలి పంపుతో కొట్టడం కూడదు. పాతకాలపు ప్యాడ్లలో రాతినార ఉండేది. దాని ధూళి ఊపిరితిత్తులకు ప్రమాదకరం. ఇప్పటి పొడి అయినా పీల్చదగినది కాదు. తడిగుడ్డతో తుడవాలి. ప్యాడ్లు ఎప్పుడూ ఒక ఇరుసుకు రెండు చక్రాలకూ కలిపి మార్చాలి. ఒకవైపు కొత్తవి, ఒకవైపు పాతవి ఉంటే పట్టు సమానంగా ఉండదు.

పానా చేతపట్టని యజమాని ఇవన్నీ స్వయంగా చేయవలసిన పనిలేదు. మేస్త్రిని తప్పుపట్టవలసిన అవసరమూ లేదు. ప్యాడ్లు మార్చమని మనం అడుగుతాము, ఆయన ప్యాడ్లు మార్చి ఆ కూలి మాత్రమే తీసుకొంటాడు. అడిగే తీరు మార్చుకొంటే చాలు. తీసిన నాలుగు ప్యాడ్లను ఏ చక్రానివి, లోపలివా బయటివా తెలిసేటట్లు వరుసగా పెట్టించి చూడండి. “పిన్నులు చేత్తో కదులుతున్నవా, చూపించండి” అని అడగండి. “పిస్టన్ ఎంత సులువుగా లోపలికి పోయింది?” అని అడగండి. ఏ గ్రీజు వాడుతున్నాడో డబ్బా చూడండి. ఇంత శ్రద్ధ చూపిన యజమానిని మేస్త్రి కూడా గౌరవిస్తాడు; పిన్నులు శుభ్రం చేసిన కూలిని విడిగా ఇవ్వడానికి యజమాని వెనుదీయకూడదు.

అంతా బిగించిన తరువాత బండి కదలకముందే పెడలును పలుమార్లు తొక్కి గట్టిపడిందని చూసుకోవాలి. లోపలికి నొక్కిన పిస్టన్ తిరిగి ప్యాడు వద్దకు వచ్చేదాకా మొదటి తొక్కుడుకు బ్రేకు ఉండదు. షెడ్డు గుమ్మంలోనే ఎదుటి గోడను గుద్దిన బండ్లున్నవి. డబ్బాలో ద్రవం మట్టం చూసి మూత బిగించాలి. మొదటి కొద్ది కిలోమీటర్లు రద్దీలేని దారిలో మధ్యరకపు వేగం నుంచి మెల్లగా పలుమార్లు బ్రేకు వేసి, మధ్య మధ్య చల్లారనివ్వాలి. కొత్త ప్యాడు ముఖం డిస్కు ముఖంతో అప్పుడు కుదురుకుంటుంది. తరువాత ఒక ఐదారు కిలోమీటర్లు వీలైనంత తక్కువ బ్రేకుతో నడిపి, చదునుగా ఉన్నచోట బండిని దొర్లనిచ్చి ఆపి, ముందు రెండు చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూడండి. రెండూ ఒకే మాదిరి గోరువెచ్చగా ఉంటే పని కుదిరినట్లు. ఒకటి కాలుతుంటే తిన్నగా షెడ్డుకే తిరిగి పోవాలి.